పట్టిక రెండు, వరుస ఆరు

లైబ్రేరియన్ మా అత్త చేతిలోని కాగితాన్ని లాక్కుని నిలువునా చింపాడు. దాని మీద నేను అప్పటికి ఎక్కించింది నాలుగంటే నాలుగే అంకెలు.

"చదువుకోండి, ఎవరొద్దన్నారు? పెన్ను తియ్యకూడదు. జెరాక్సు అసలే కూడదు," అన్నాడు.

"ఆ నీళ్ళు మావి సార్," అంది మా అత్త లిదియమ్మ. "నాలుగేళ్ళ కిందట మీ సార్లు జీపులో వస్తే మా ఊరి పది చోట్ల నీళ్ళు నేనే తోడి సీసాలకు పోసినాను. నంబరు చీటీలు నేనే కట్టినాను. ఏ నీళ్ళు ఎట్టాంటివో మాకు తెలియకూడదా?"

"నీళ్ళు మీవే. వ్యాసం మీది కాదు. రాసిన సార్లది కూడా కాదిప్పుడు. హక్కులన్నీ అచ్చేసిన విదేశీ కంపెనీకి రాసిచ్చేశారు. నకలు బయటికి పోతే నా ఉద్యోగం ఊడుతుందమ్మా." పత్రికను గాజు బీరువాలో పెట్టి తాళం వేశాడు.

ఇది 1994 జూన్‌లో, ఆత్మకూరులోని ఒక పరిశోధన సంస్థ లైబ్రరీలో జరిగింది. మాది ఉదయగిరి కొండ కింద బండకిందపాళెం. మా బావగారి కూతురు సుకుమారికి ఆరేళ్ళు. మోకాళ్ళు వంకర తిరుగుతున్నాయి. నీళ్ళు మార్చమన్నాడు నెల్లూరు డాక్టరు. చర్చి బావి నీళ్ళకు మారాం. ఇప్పుడు ఆ బావినే పూడ్చేసి, కాంట్రాక్టరు మాలకొండయ్య తన తోటలోని బోరు నీళ్ళు ఊరంతటికీ కుళాయిల్లో వదులుతాడట. శుక్రవారం రాళ్ళ టిప్పరు వస్తుంది. ఏ నీళ్ళలో విషముందో ఆ బీరువాలో అచ్చయి ఉందని అక్కడ చదివే రేణుకాదేవి చెబితే వెళ్ళాం.

తిరుగు బస్సులో నా భర్త జయపాల్ వేరుశెనక్కాయలు వొలిచి నా దోసిట్లో పోస్తూనే ఉన్నాడు. పెళ్ళయి ఇరవై రోజులు. కొత్త చీర గరగరమంటుంటే అంత కోపంలోనూ నాకు నవ్వొచ్చింది. వింజమూరు దాటాక వెనక్కి చూశాను. మాలకొండయ్య జీపు మా బస్సు వెనకే వస్తోంది. బస్సు ఆగితే ఆగుతోంది.

సాయంత్రం ప్రార్థన అయ్యాక ఊరంతా చర్చిలోనే కూర్చుంది. మేకలు తోలుకొచ్చి కట్టేసి కామయ్య కూడా వచ్చాడు.

"మాటలెందుకురా? బీరువా పగలగొట్టి తెచ్చుకుందాం పదండి," అన్నాడు.

"పగలగొడితే దొంగలంటారు. వాళ్ళకి కావాల్సింది అదే," అన్నాడు జయపాల్.

"మరేం చేద్దాం? ఆ బిడ్డ కాళ్ళు పూర్తిగా వంగిందాకా చూద్దామా?"

మా అత్త లేచింది. "పెన్ను కూడదన్నాడు. తలకాయ కూడదన్నాడా? ఆదివారం బడిలో బైబిలు కంఠత వాక్యాలు చెప్పని బిడ్డ ఈ పాళెంలో ఎవురైనా ఉండారా? పదిమందిమి పోదాం. మనిషికొక వరుస. ముందు అది యాడుండాదో చెప్పాల, తర్వాత వాక్యం చెప్పాల."

"నాకు మీ వాక్యాలు రావక్కా," అన్నాడు కామయ్య.

"నూరు మేకల మొకాలు గుర్తు పెట్టుకుంటావే, ఒక్క వరుస గుర్తుండదా ఏంది?"

చర్చి అంతా నవ్వింది. బయట జీపు లైట్లు గోడ మీద పాకి వెళ్ళేసరికి ఆ నవ్వు ఆగిపోయింది.

గురువారం లైబ్రరీలో పత్రిక అడిగి తీసుకుని, పదిమందిని బల్ల చుట్టూ కూర్చోబెట్టుకుని నేను ఇంగ్లీషు చూసి మెల్లగా తెలుగులో చెప్పాను. ఫ్లోరైడు లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే మంచిది కాదనీ, మరీ ఎక్కువైతే ఎముకలు వంగుతాయనీ ఉంది వ్యాసంలో. మా అత్త కట్టిన చీటీల నంబర్లే పట్టికలో వరుసల నంబర్లు. ఒక్కొక్కరూ తమ వరుసను పెదాలతో నెమరేసుకుంటున్నారు. లైబ్రేరియన్ వచ్చి చేతులు చూశాడు, సంచులు చూశాడు. పెన్ను లేదు, కాగితం లేదు. పెదాలు మాత్రం కదులుతున్నాయి. ఏ రూలు కింద ఆపాలో తెలియక బల్ల చుట్టూ తిరిగాడు. తర్వాత వెళ్ళి ఫోను అందుకున్నాడు.

శుక్రవారం పొద్దున టిప్పరు వచ్చింది. దాని వెనక మాలకొండయ్య. అతని వెనక ఎస్సై. మేం బావి గట్టు మీద కూర్చున్నాం.

"లెయ్యండమ్మా. మురికి బావి అది," అన్నాడు మాలకొండయ్య.

పదిమందిలో ఒకతె ఆనందమ్మ లేచింది, వెళ్ళేందుకు కాదు, చెప్పేందుకు. "పట్టిక రెండు, వరుస నాలుగు. సున్నా పాయింట్ ఎనిమిది."

"నాలుగో సీసా ఈ బావిది," అంది మా అత్త.

కామయ్య గొంతు సవరించుకున్నాడు. "పట్టిక రెండు, వరుస ఆరు. ఆరు పాయింట్ రెండు."

"ఆరో సీసా మాలకొండయ్య తోట బోరుది. నేను కట్టిన చీటీ."

మాలకొండయ్య మొహం నల్లబడింది. "మేకలు కాసేవోడు నాకు సైన్సు చెప్తాడా? కాగితం చూపించరా!"

"ఆ బీరువా తీపించు. చూపిస్తా," అన్నాడు కామయ్య.

మాలకొండయ్య చెయ్యి ఊపాడు. టిప్పరు వెనక్కి వెనక్కి గట్టు దాకా వచ్చింది. పదిమందీ ఒక్కసారే చెప్పడం మొదలుపెట్టారు. వరుసలు రానివాళ్ళు వచ్చినవాళ్ళ వెంట అందుకున్నారు. ఇంజను మోతకు పైన ఆరు పాయింట్ రెండు వినిపించింది. డ్రైవరు మా మొహాలు చూసి ఇంజను ఆపి దిగిపోయాడు.

"లైబ్రరీ సొత్తు దొంగతనం చేసినారని కంప్లైంటు ఉండాది. ఎవురు నేర్పినారు?" అన్నాడు ఎస్సై.

"నేనే," అంది మా అత్త. "నేను కూడా," అన్నాడు జయపాల్.

ఇద్దర్నీ జీపెక్కించారు. నేను గట్టు దిగబోయాను. జయపాల్ తల బయట పెట్టి అరిచాడు: "సుజనా, గట్టు మీంచి ఎవురూ లేవబాకండి!"

సగం మంది గట్టు మీద ఉండిపోయారు. శనివారం మిగతా సగంతో నేను ఆత్మకూరు కోర్టుకు వెళ్ళాను.

"దొంగిలించిన వస్తువు ఏది?" అని అడిగాడు మేజిస్ట్రేటు.

ఎస్సై కాగితాలు ముందుకు తోశాడు. సొత్తు ఏదో చూపించకపోతే కేసు నిలవదని పది వరుసలూ రిపోర్టులో రాయించుకొచ్చాడు. చదవమన్నాడు మేజిస్ట్రేటు. గుమాస్తా నిలబడి, గొంతెత్తి, పది వరుసలూ చదివాడు. కోర్టు తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. వరండాలో రేణుకాదేవి, ఆమెతో వచ్చిన విద్యార్థులు నోటుబుక్కుల్లో ఎక్కించుకుంటున్నారు. వాళ్ళ పెన్నుల వైపు చూసి కూడా బంట్రోతు ఏమీ అనలేదు.

ఇద్దరికీ పద్నాలుగు రోజుల రిమాండు. వ్యాను ఎక్కేముందు జయపాల్ నవ్వాడు. నేను నవ్వలేకపోయాను.

వేరే కేసుకు వచ్చిన ఒక ముసలాయన నా దగ్గరికొచ్చాడు. "మాది సీతారామపురం పక్క, అమ్మాయ్. మా బావుల నీళ్ళు కూడా సీసాల్లో పట్టుకపోయినారు. చీటీలు కట్టింది నేనే. మావి ఏ వరుసలో ఉండాయి?"

"మాయి?" అంది చేజర్ల నుంచి వచ్చిన మస్తానమ్మ.

పట్టికలో నూట పన్నెండు వరుసలు. మాకు వచ్చింది పది.

ఆ మధ్యాహ్నం సీతారామపురం బస్సు ఖాళీగా కదిలింది. ఎక్కాల్సిన వాళ్ళంతా తమ వరుసలు నేర్చుకునేందుకు లైబ్రరీ రోడ్డు మీద నా వెనక నడుస్తున్నారు. మలుపులో పోలీసు వ్యాను అడ్డంగా నిలబడి ఉంది. లాఠీలతో పోలీసులు దిగుతున్నారు. ముసలాయన నన్ను దాటుకుని ముందుకు వెళ్ళాడు.