పులసకు పురుడు పోసిన బేసిను

రా అమ్మా, రా బాబూ, ఇలా దగ్గరగా వచ్చి కూర్చోండి. నా గొంతు పెద్దది కాదు. ఒకప్పుడు అంచు మీద గోటితో కొడితే గంటలా మోగేదాన్ని. ఇప్పుడు పెచ్చులూడి, టక్కుమని ఊరుకుంటున్నాను. అందుకే దగ్గరకు రమ్మంటున్నాను.

నేను ఒక పింగాణీ పూత బేసినును. తెల్లటి ఒళ్ళు, నీలం అంచు. ఇనపరేకును గుండ్రంగా నొక్కి, గాజుపొడి కలిపిన పూతలో ముంచి, కొలిమిలో కాల్చారు. చల్లారాక మళ్ళీ ముంచి మళ్ళీ కాల్చారు. అడుగున ఏవో అక్షరాలు అచ్చు వేశారు. నాకు చదువు రాదు. నన్ను వాడినవాళ్ళలో సగం మందికీ రాదు. మిగతా సగం నన్ను తిరగేసి చూసిన పాపాన పోలేదు. కాబట్టి నేను పుట్టిన ఊరేదో ఇప్పటికీ నాకు తెలియదు. దానికి బెంగ కూడా లేదు. పెరిగిన ఊరు బాగా తెలుసు.

ఆ ఊరు రేవులంక. గోదావరి సముద్రంలో కలవడానికి ముందు కాస్త ఆగి ఊపిరి పీల్చుకునే చోటు. అక్కడి మంత్రసాని చిట్టెమ్మ నన్ను తీర్థంలో, అంటే ఊరి జాతరలో కొని, నెత్తిన బోర్లించుకుని, ఎండ తగలకుండా నడిచి వచ్చింది. అలా నేను మొదట గొడుగుగా పనిచేశాను. మర్నాటి నుంచి పసిపిల్లల స్నానాల బేసినును అయ్యాను.

ఊళ్ళో యాభై ఏళ్ళ లోపు వాళ్ళు చాలామంది మొదటిసారి ఒళ్ళు తడుపుకున్నది నాలోనే. ఇప్పుడు వాళ్ళు మీసాలు దువ్వుకుంటూ రేవులో పెద్దరికాలు చేస్తుంటే నాకు నవ్వొస్తుంది. నాలో పడుకోబెట్టగానే ఒక్కొక్కడు చేసిన పని నాకు గుర్తుంది మరి.

చిట్టెమ్మకు ఒక పట్టుదల ఉండేది. బిడ్డ భూమ్మీద పడగానే ఇంట్లో ఆడవాళ్ళు వేడినీళ్ళతో పరుగెత్తుకొచ్చేవారు. ఆవిడ మోచేత్తో నన్ను పక్కకు నెట్టేది.

"నీళ్ళకి తొందరేంటే? ముందు పొడిగుడ్డతో తుడవండి. ఊపిరి సర్దుకోనీండి. నీళ్ళెక్కడికి పోతాయి, పక్కనే గోదారుంది."

నేను ఒక మూల పొడిగా, ఖాళీగా కూర్చుని నా వంతు కోసం ఎదురుచూసేదాన్ని. ఈ మాట గుర్తుపెట్టుకోండి, తర్వాత పని ఉంది.

తర్వాత కాన్పులు ఆసుపత్రికి వెళ్ళిపోయాయి. చిట్టెమ్మా వెళ్ళిపోయింది. నేను ఆవిడ కోడలు సత్యవేణి చేతికొచ్చాను. సత్యవేణి మొగుడు తాతారావు వల వేస్తాడు, సత్యవేణి పడవ నిలబెడుతుంది. పడ్డ చేపను రేవులో కూర్చుని అమ్ముతుంది. బిడ్డలు పడుకున్న చోట చేపలు పడుకున్నాయి. నాకేం తేడా తెలియలేదు. రెండూ జారిపోయేవే.

పులస సంగతి మీకు చెప్పాలి. అది సముద్రంలో ఉన్నన్నాళ్ళూ మామూలు చేప, అక్కడ దాన్ని విలస అంటారు. వానాకాలం గోదావరికి ఎర్రనీరు దిగగానే, గుడ్లు పెట్టడానికి ఏటికి ఎదురీదుతూ పైకి వస్తుంది. తియ్యనీళ్ళలో ఈదీ ఈదీ పులస అవుతుంది. మనిషి ఎంత చిత్రమైనవాడంటే, అది పిల్లల్ని కనడానికి వచ్చే ఆ నెలన్నర రోజులే దాన్ని తినడానికి కాచుకుని కూర్చుంటాడు. అందులోనూ కడుపులో జన, అంటే గుడ్లు ఉన్నదే కావాలంటాడు.

సత్యవేణి కొత్తగా రేవులో కూర్చున్న రోజుల్లో నాలో నాలుగేసి పులసలు తోకలు బయటికి పెట్టుకుని పడుకునేవి. పోనుపోను రెండయ్యాయి. ఆ తర్వాత ఒకటి. తర్వాత తర్వాత వారమంతా నేను ఖాళీగా ఉండేదాన్ని. ఖాళీ బేసిను మీద ఈగ కూడా వాలదు. పైకి ఎక్కుదామంటే ఆనకట్ట, కిందికి దిగుదామంటే సన్నకన్ను వలలు, మధ్యలో కూరగిన్నె. చేప మాత్రం ఏం చేస్తుంది?

అప్పుడొచ్చింది తబస్సుమ్. చేపల చదువు చదువుకుంది. కడప పక్క పిల్ల, ఊరి చెరువు ఎండిపోతే వానకోసం ఎదురుచూసే ఇంట్లో పుట్టింది. రేవు పక్కన రేకుల షెడ్డు వేయించి, తొట్లు కట్టించింది. పులస గుడ్లు తీసి, పిల్లల్ని చేసి, వేలెడంత పెంచి, తిరిగి గోదావరిలో వదులుతానంది. ఊళ్ళో వాళ్ళు నవ్వారు. అందరికంటే ఎక్కువ తాతారావు నవ్వాడు.

"కడుపుతో ఉన్న పులస దొరికితే పులుసు పెడతారు గానీ పురుడు పోస్తారేంటండీ మేడంగారూ? మా అమ్మతో మా ఇంట్లో మంత్రసానితనం పోయిందనుకున్నాను."

నవ్వాడే గానీ, తన వలలో పడే పండు చేపను, అంటే గుడ్లు పక్వానికి వచ్చినదాన్ని, మొదట ఆ పిల్లకే ఇస్తానని మాటిచ్చాడు. ఎందుకని సత్యవేణి అడిగితే, "నా మనవలకి పులసంటే ఏంటో గోడ మీద బొమ్మేసి చూపించమంటావా?" అన్నాడు.

పులస మహా సుకుమారం. వలలోంచి తీసిన నిమిషానికి ప్రాణం వదిలేస్తుంది. రెండేళ్ళు చేపలు ఒడ్డుకు చేరేలోపే పోయాయి, గుడ్లు పాడయ్యాయి. మూడో ఏడు తబస్సుమ్ పడవలోనే పని చేయాలనుకుంది. అప్పుడు ఆమె కన్ను నా మీద పడింది. వేలితో నా అడుగును రాసి చూసింది.

"ఎంత నున్నగా ఉందో. గుడ్లు గీసుకుపోవు. ఇది ఇస్తావా అవ్వా?"

"అవ్వేంటమ్మా, మావైపు మామ్మంటారు. బేసినేం ఖర్మ, నన్ను కూడా తీస్కెళ్ళండి. రేవులో కూర్చుని ఈగలు కూడా తోలట్లేదు."

ఆ పిల్ల అవ్వా అనడం మానలేదు, సత్యవేణి పలకడం మానలేదు. మొదటిరోజే తబస్సుమ్ పద్ధతంతా చెప్పింది. ఆడచేప గుడ్లు నాలో పడాలి, మగచేప పాలు వాటి మీద పిండాలి, బాతు ఈకతో కలపాలి, ఆ తర్వాతే నీళ్ళు.

"గుడ్డుకు సూదిమొనంత బెజ్జం ఉంటుంది అవ్వా. నీళ్ళు తగిలితే మూసుకుపోతుంది. ఇక పాలు లోపలికి పోవు. అవి కలిసేదాకా బేసినులో ఒక్క చుక్క కూడా ఉండకూడదు."

"ఆయ్, అర్థమైంది," అంది సత్యవేణి. నిజంగానే అర్థమైంది.

శ్రావణం చివర్లో ఒక మధ్యాహ్నం పండు చేప పడింది, దాని వెంటే ఒక మగచేపా పడింది. తబస్సుమ్ మోకాళ్ళ మీద కూర్చుని ఆడచేపను తడిగుడ్డలో పట్టుకుంది. "బేసిను," అంది, తల ఎత్తకుండా. సత్యవేణి నన్ను అందుకుంది. నా అడుగున పొద్దుటి చేప పొలుసు ఒకటి అంటుకుని ఉంది. ఆమె చేయి నన్ను పడవ పక్కకు తీసుకెళ్ళి గోదావరిలో ముంచి, గుండ్రంగా తొలిచి, విదిలించి, అందించింది. అంతా రెప్పపాటు. ముప్పై ఏళ్ళుగా గిన్నె కడగకుండా ఎవరి చేతికీ ఇవ్వని చేయి అది. చెవి విన్నది గానీ చేయి వినలేదు.

నా గొంతు వాళ్ళకు వినబడితే అరిచేదాన్ని. నా ఒళ్ళంతా సన్నటి తడి. దాని మీద గసగసాల్లా గుడ్లు రాలాయి, పాలు పడ్డాయి, ఈక తిరిగింది. అందరి మొహాలూ వెలిగిపోతున్నాయి.

మర్నాడు పొద్దున తొట్టిలో చూస్తే గుడ్లన్నీ తెల్లగా, విరిగిన పాలలా ఉన్నాయి. బతికిన గుడ్డు గాజుపూసలా అవతలి వైపు కనిపించాలట. ఒక్కటీ లేదు.

"నీటిచుక్క ఏమైనా తగిలిందా అవ్వా?" అంది తబస్సుమ్.

సత్యవేణి మొహంలో రంగు మారింది. ఆ నిమిషానికి గానీ తన చేయి చేసిన పని తనకు గుర్తుకు రాలేదు. "నేదమ్మా," అంది.

తబస్సుమ్ తన చేతులను తిప్పి తిప్పి చూసుకుంది. తనే గట్టిగా నొక్కేసిందేమో అంది. లేకపోతే మగచేప పాలలో సత్తువ లేదేమో, ఈసారి పద్ధతంతా మార్చేస్తానంది. ఈ వానాకాలం పోయేలోపు ఒక్క పిల్లైనా పుట్టకపోతే షెడ్డు మూసేయమని పై ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. ఇంకొక్క పండు చేప దొరికితే దొరికినట్టు, లేకపోతే లేదు. ఆ ఒక్కదాన్ని కూడా ఈ అబద్ధం తినేయబోతోంది.

ఇంటికెళ్ళి సత్యవేణి నన్ను బూడిదేసి తోమింది. మళ్ళీ తోమింది. తాతారావు అన్నం కలుపుకుంటూ చూశాడు.

"బేసినుకి చిల్లెడతావా ఏంటే?"

ఆమె ఉన్నదంతా చెప్పింది. ఆయన ముద్ద దించి, "నాకు చెప్తే ఏం లాభం? నా దగ్గర గుడ్లున్నాయా? ఎల్లి ఆ పిల్లకి చెప్పు," అన్నాడు. మళ్ళీ ముద్ద ఎత్తుతూ, "తిట్టదులే. తిట్టినా కడప తిట్లు మనకి సగం అర్థం కావు," అన్నాడు.

పొద్దున్నే సత్యవేణి నన్ను చంకలో పెట్టుకుని షెడ్డుకు వెళ్ళింది. కూర్చోలేదు.

"నిన్న అబద్ధం చెప్పానమ్మా. నేనే తొలిచాను. నీ చేయి మంచిదే. నా చేయే మాట విన్నేదు."

తబస్సుమ్ తన చేతులను ఇంకోసారి చూసుకుంది. తర్వాత తొట్టి గట్టు మీద కూర్చుని నవ్వడం మొదలుపెట్టింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

"అయితే ఏమీ మార్చే పని లేదు కదా. చేప బాగుంది, పాలు బాగున్నాయి. నిన్నంతా అన్నం కూడా తినలేదు నేను."

"నేనూ తిన్నేదు. ఇంక నన్ను పడవెక్కించకు తల్లీ."

"నువ్వు లేకపోతే పడవ ఎవరు నిలబెడతారు? ఆయన వల వేయాల, నేను చేపను పట్టుకోవాల. నీ చేతిని నువ్వే ఎట్లాగో కట్టేసుకో."

సత్యవేణి నన్ను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆమె వేళ్ళు నా అంచు చుట్టూ తిరుగుతున్నాయి. అప్పుడు గుర్తొచ్చింది ఆమెకు, అత్తగారి మోచేయి. నీళ్ళకి తొందరేంటే. ముందు పొడిగుడ్డ.

ఇంటికెళ్ళి ట్రంకుపెట్టె అడుగునుంచి చిట్టెమ్మ పాత నేతచీర తీసింది. ఉతికీ ఉతికీ వెన్నలా అయిన గుడ్డ. దాంతో నన్ను తుడిచి, మూటకట్టి, రెండు ముళ్ళు వేసింది. "ఈ ముళ్ళు ఇప్పేలోపు నా చేతికి బుద్ధొస్తాది," అంది.

ఆ మూటలో నేను పద్దెనిమిది రోజులు పడవ మీద తిరిగాను. గోదావరి ఎరుపు విరిగి లేతబడుతోంది. పులసలు వెనక్కి మళ్ళే రోజులు. తాతారావు రోజూ అడిగేవాడు, "మూటలో ఏంటి, చద్దన్నమా?" అని. పందొమ్మిదో రోజు అడగలేదు. వల బరువుగా లాగుతున్నాడు. చేప పైకి వచ్చింది, పొట్ట వెండిలా నిండుగా ఉంది, పక్కనే ఒక మగచేప. సరిగ్గా అప్పుడే వాన మొదలైంది.

"బేసిను," అంది తబస్సుమ్.

సత్యవేణి మొదటి ముడి విప్పింది. ఆగింది. రెండో ముడి విప్పింది. నా అడుగున పొలుసు లేదు, దుమ్ము లేదు. ఆమె చేయి అలవాటుకొద్దీ నీటి వైపు కాస్త కదిలింది, నాకు తెలిసింది. కదిలి వెనక్కి వచ్చింది. నన్ను గుండెలకు దగ్గరగా పెట్టుకుని నా మీదికి వంగిపోయింది. వానంతా ఆమె వీపు మీద పడుతోంది. తాతారావు టార్పాలిన్ పట్టా లాగి ఆడవాళ్ళిద్దరి తలల మీదా చాచి పట్టుకుని నిలబడ్డాడు. ఆయన పూర్తిగా తడిసిపోయాడు గానీ ఆ పూట ఒక్క వెటకారం కూడా ఆడలేదు.

గుడ్లు పడ్డాయి. పాలు పడ్డాయి. ఈక తిరిగింది. నా ఒంటి మీద ఒక్క చుక్క తడి లేదు.

"ఇప్పుడు పొయ్యి అవ్వా నీళ్ళు."

సత్యవేణి నన్ను ఒళ్ళో పెట్టుకుని, పక్కకు వంగి దోసిలితో గోదావరిని తీసి నాలో పోసింది. చిట్టెమ్మ పోసినంత నెమ్మదిగా పోసింది. ఎన్నేళ్ళకో నా వంతు మళ్ళీ వచ్చింది.

మర్నాడు తొట్టిలో గాజుపూసలు. మధ్యాహ్నానికి వాటిలో కదలిక. ఆ తర్వాత వెంట్రుకంత పిల్లలు, రెండేసి కాటుకచుక్కల కళ్ళతో. తాతారావు తొట్టి మీదికి వంగి, "ముక్కు మా అమ్మదే," అన్నాడు.

అన్నీ బతకలేదు. తర్వాత వాటిని వదిలిన, నాచుతో పచ్చబడ్డ నీళ్ళ చెరువులో పెరుగుతూ పెరుగుతూ చాలా పోయాయి. వేలెడంత అయ్యేసరికి మూడొందల చిల్లర మిగిలాయి. అబ్బో, ఆ మూడొందలను ఎలా చూసుకున్నారనుకున్నారు. చేత్తో తాకితే పొలుసు ఊడిపోతుందని, నన్ను నీళ్ళలో ముంచి, వాటంతట అవి నాలోకి వచ్చేదాకా ఆగి, అలాగే మోసుకెళ్ళి, రేవులో నన్ను వంచారు. అవి ఒక్క క్షణం నా నీలం అంచు దగ్గర తచ్చాడాయి. తర్వాత సముద్రం వైపు జారిపోయాయి.

షెడ్డు మూయలేదు. ఏటా పని జరుగుతోంది. పిల్లల్ని వదిలిన మూడో ఏడు వానాకాలం తాతారావు వలలో ఒక పండు చేప పడితే, సత్యవేణి దాన్ని అటూ ఇటూ చూసి, "మనదేనంటావా?" అంది. ఆయన, "పేరెట్టి పంపావా అడగడానికి?" అన్నాడు. ఆమె మాత్రం దాని చెవిలో ఏదో అంది. ముళ్ళు విప్పి నన్ను తీసింది.

నాకూ తెలియదు అది మనదో కాదో. చిట్టెమ్మ కూడా తను పురుడు పోసిన బిడ్డల్ని పెద్దయ్యాక గుర్తుపట్టేది కాదు. తీర్థంలో ఎవరైనా వంగి దండం పెడితే, "ఎవరి బిడ్డవమ్మా?" అని అడిగి, నవ్వి, దీవించి పంపేది. నాకూ ఆ మాత్రం చాలు. తబస్సుమ్ కొత్త పళ్ళేలు తెప్పించింది. అవి అలమారాలో ఉన్నాయి. పడవెక్కేది మాత్రం ఇప్పటికీ నేనే.

ఇక మీరు వెళ్ళండి, అమ్మ ఎదురుచూస్తుంటుంది. రేపెప్పుడైనా గోదావరికి ఎర్రనీరు వచ్చిందని వింటే ఈ ముసలి బేసినును ఒకసారి తలుచుకోండి. మీ ఇంట్లో పసివాళ్ళను ఒళ్ళో కూర్చోబెట్టుకుని చెప్పండి: రేవులంకలో ఒక మామ్మ వానలో ఒక బేసినును పొడిగా పట్టుకుందని. నేను ఒక్కదాన్నే చెబితే ఈ షెడ్డు గోడలకే వినిపిస్తుంది.