నీలం మురికి

మా బావకు కారు నడపడం రాదు. నాకూ రాదు. ఆ ఇంట్లో కారు నడిపింది మా అక్క ఒక్కతే. బావ ఒకసారి నేర్చుకోబోయాడు గాని, తను వస్తుంటే ప్రహరీ గోడ పక్కకు తప్పుకోలేదన్న కోపంతో దాన్ని గుద్ది, తాళాలు అక్క చేతిలో పెట్టేశాడు. నా సంగతి వేరు. స్టీరింగు పట్టుకుంటే నాకు ఆవలింతలు వస్తాయి. అందుకని మా ఇద్దరినీ వెనక సీట్లో కూర్చోబెట్టి, బడిపిల్లల్ని దింపినట్టు పనుల మీద తిప్పేది అక్క. తనకు పిల్లలు లేరు. ఆ లోటు మేమిద్దరం బాగానే తీర్చామని అందరితో చెప్పేది.

ఇళ్ళకు వెళ్ళి బాలింతలనూ పసికందులనూ చూసి వచ్చే నర్సు ఉద్యోగం ఆవిడది. ఆ ఉద్యోగం కోసం కొన్నదే ఈ నీలం కారు. పొట్టిది, పాతది. తలుపు వేస్తే ఇనప్పెట్టె మూత పడినట్టు మోగుతుంది. ఆదివారం పొద్దున్నే, ఎండ షెడ్డులోకి రాకముందే, దాన్ని తనే కడిగి పాలిష్ పెట్టేది. ముందు పైకప్పు, తరవాత అద్దాలు, తరవాత తలుపులు, చివరికి చక్రాలు. చక్రాలు తుడిచిన గుడ్డ పొరపాటున తలుపును తాకిందా, ఇక ఆ పూట ఇంట్లో ఎవరితోనూ పలికేది కాదు. నేను కుళాయి దగ్గర బకెట్లు నింపేవాణ్ణి, బావ మోసేవాడు. అంతకు మించి దగ్గరకు రానిచ్చేది కాదు.

"ఒక్క తలుపైనా నన్ను రుద్దనీ" అని బావ బతిమాలేవాడు.

"మీ చేతులు మొరటువి. ఇది పసిబిడ్డకు నూనె రాసినట్టు రాయాలి. నొక్కకూడదు."

"గడియారాలు బాగుచేసే చేతులు మొరటువా?"

"గడియారం ఏడవదు కాబట్టి చెల్లిపోతోంది."

షెడ్డు గోడలో ఒక అలమర, అందులో రెండు డబ్బాలు. ఒకే కొలతవి, మూతలు తుప్పు పట్టి, పైన రాసినవి చెరిగిపోయి ఉండేవి. ఏది ఎప్పుడు వాడాలో ఆవిడకే తెలుసు. మాకు తెలిసింది బకెట్ల శాస్త్రం ఒక్కటే.

అక్క పోయింది. ఎలా పోయిందో చెప్పను. చెప్పగలిగిందే అయితే ఈపాటికి దానికి నాలుగు కొమ్ములూ ఒక తోకా మొలిపించి చెప్పేవాణ్ణి. నాకు కోతలరాయుడని పేరు పెట్టింది ఆవిడే.

చుట్టాలందరూ వెళ్ళిపోయాక వచ్చిన ఆదివారం, బావ తనంతట తనే బకెట్టు పట్టుకుని షెడ్డులోకి నడిచాడు. నేను వెనకాలే వెళ్ళాను. కడిగాం, తుడిచాం. బావ అలమరలో చేతికందిన డబ్బా తీసి, పాత బనీను గుడ్డతో బానెట్ మీద రుద్దడం మొదలుపెట్టాడు. కాసేపటికి గుడ్డ తిప్పి చూస్తే నీలం.

"చూశావట్రా, మనిషి లేకపోతే ఎంత మురికి పట్టిందో" అన్నాడు.

"నీలంగా ఉందేం బావా?"

"నీలం కారుకు మురికి నీలంగా కాక పచ్చగా వస్తుందా?"

న్యాయంగానే ఉందనిపించింది. రెండు ముసలి బుర్రలు కలిపినా ఒక్క బుర్ర కాదని అప్పుడు తోచలేదు. పైగా నేను, "అది మురికి కాదు బావా, షెడ్డు రేకులకు చిల్లులు పడి ఆకాశం కారుతోంది" అన్నాను. బావ నవ్వాడు. అక్క పోయాక ఆయన నవ్వడం అదే మొదలు. ఆ నవ్వు కోసం తరవాత నేను ఎన్ని ఆకాశాలు కార్చానో లెక్కలేదు.

ప్రతి ఆదివారమూ అదే వరస. మురికి వస్తూనే ఉంది, బావ రుద్దుతూనే ఉన్నాడు. షెడ్డు దాటి అంగుళం కదలని కారుకు ఇంత మురికి ఎక్కడి నుంచి వస్తోందని ఇద్దరిలో ఒక్కడైనా అడగాలి కదా. అడగలేదు. మురికి రావడమే మాకు కావలసింది. అది రావడం మానేస్తే ఆదివారం పొద్దున ఇద్దరం ఏం చేయాలి?

మిగిలినవేవీ బావ చేతిలో నిలవలేదు. అక్క పెంచిన కుండీల మొక్కలు కొన్ని నీళ్ళెక్కువై పోయాయి, కొన్ని తక్కువై పోయాయి. ఆవిడ బట్టలు ఆడపడుచులు తలా కొన్ని తీసుకున్నారు. ఆవిడ వంట ఎలా ఉండేదో, నా వంట తిని తిని మా నాలుకలు మరిచిపోయాయి. ఆ పైన నీటికాసులు వచ్చి బావ చూపు అంచుల నుంచి లోపలికి మూసుకుంటూ పోయింది. గడియారాల కొట్టు తీసేశాడు. గోడ గడియారం టిక్కుమనడం విని, "ఇది వెనకబడుతోందిరా" అని చెప్పగలిగేవాడు గాని ముల్లు ఎక్కడుందో కనబడేది కాదు.

"దాని కారు మాత్రం దాని కారులాగే ఉంచానురా. అదొక్కటీ నా వల్ల అయింది" అనేవాడు. అనడమేమిటి, ఆ మాట ఊతగా పట్టుకునే లేచి తిరిగేవాడు.

పని అయ్యాక గుడ్డ భుజాన వేసుకుని అడిగేవాడు. "ఎలా ఉందిరా?"

"ఏం చెప్పమంటావు బావా. పొద్దున ఒక కాకి వచ్చి బానెట్లో మొహం చూసుకుంది. ఇంత నల్లగా ఉంటే ఇన్నాళ్ళూ ఒక్కరూ చెప్పలేదేమని ఏడ్చుకుంటూ పోయింది."

ఇంకో వారం ఎదురింటి గుమాస్తా కథ. "మొహానికి నురగ రాసుకుని వచ్చాడు. మా అద్దం పగిలింది, మీ కారు తలుపు ముందు గడ్డం గీసుకుంటానన్నాడు. సగం గీసుకున్నాక తరిమేశాను. సగం గడ్డంతో ఆఫీసుకు వెళ్తే, వాళ్ళ పెద్దాయన సగం కుర్చీ చూపించి దీని మీద కూర్చోమన్నాడట."

"పాపం, రెండో బుగ్గ కూడా గీసుకోనివ్వాల్సింది" అని బావ కళ్ళు తుడుచుకునేవాడు. ఆ కళ్ళు నవ్వినా కారేవి, నవ్వకపోయినా కారేవి.

డబ్బా అడుగంటింది. అలాంటిదే ఇంకొకటి తేవడానికి ఖాళీ డబ్బా సంచిలో వేసుకుని, వీధి చివర కార్ల సామాన్ల కొట్టుకు వెళ్ళాను. కొట్టావిడ అడుగున మిగిలిన దాన్ని గోటితో గీకి తీసి, రెండు వేళ్ళ మధ్య నలిపింది.

"ఎవరి కారుకు బాబాయ్?"

"మాదే. అద్దంలా పెట్టుకున్నాం."

"ఎన్నాళ్ళకోసారి పెడతారు ఇది?"

"ప్రతి ఆదివారం. మాకు స్నానం తప్పుతుందేమో గాని దానికి తప్పదు."

ఆవిడ నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. "ఇది వ్యాక్స్ కాదు బాబాయ్, కాంపౌండు. గీతలు పడితే అరగదీయడానికి. ఇందులో సన్నటి ఇసకలాంటి పొడి ఉంటుంది. ఏడాదికోసారి పెట్టినా ఆలోచించి పెట్టాలి. గుడ్డకు రంగు అంటడం లేదూ?"

"మురికి అంటుతోంది" అన్నాను.

"ఏ రంగు మురికి?"

జవాబు తెలిసీ నోరు మూసుకోవడం నాకు కొత్త. ఆవిడ వేరే డబ్బా ఒకటి నా ముందుకు జరిపింది. "ఇదీ వ్యాక్స్, మెరుపు కోసం పెట్టేది. ఇక మీదట ఇది పెట్టండి. పోయిన రంగు మాత్రం దీంతో తిరిగి రాదు."

ఇంటికి వచ్చి, బావ పడుకుని ఉండడం చూసుకుని, షెడ్డు తలుపు రెండు రెక్కలూ తీసి వెలుతురులో బానెట్ చూశాను. ఇన్నాళ్ళూ చూస్తూనే ఉన్నాను గదా. రోజూ చూసే మనిషి జుట్టు నెరవడం తెలియనట్టు ఇదీ తెలియలేదు. నడిమధ్యన చేటంత మేర నీలం లేదు. బూడిద రంగు అడుగు పూత బయటపడి ఉంది. దాని చుట్టూ మోచేతి దగ్గర అరిగిన చొక్కాలా పల్చబడిన నీలం. తలుపుల మీదా పైకప్పు మీదా బావ చెయ్యి తక్కువ పడింది, అక్కడ రంగు ఇంకా మిగిలింది. బానెట్ ముందు నిలబడి రుద్దేటప్పుడే ఆయన ఏదో గొణుక్కునేవాడు. నాకు వినబడకూడదని నేను కుళాయి తిప్పి ఉంచేవాణ్ణి. అక్కతో చెప్పుకోవలసిందంతా అక్కడే చెప్పుకున్నాడు. అక్కడే అరిగింది.

రెండో డబ్బా అలమరలో వెనక్కి నెట్టి ఉంది. మూత తీశాను. కొంచెం ఎండింది గాని, సగానికి పైగా అలాగే ఉంది. ఆవిడ వారం వారం వాడింది ఇదీ. నడుమ ఆఖరిసారి వేలితో తీసిన గుంట ఉంది. చాలా చిన్న గుంట. మూత పెట్టేసి, డబ్బా ఎక్కడిదక్కడ ఉంచాను.

బావతో చెప్పాలా వద్దా? వారమంతా ఆ మాటే నమిలాను. కొత్తగా రంగు వేయిద్దామంటే, ఆయన ముక్కు ఇంకా కళ్ళలా మోసం చేయలేదు, వీధి మలుపులోనే వాసన పట్టేస్తాడు. పైగా కొత్త రంగు వేస్తే అది అక్క రంగు అవుతుందా. ఏమీ చెప్పకుండా కొత్త డబ్బా చేతిలో పెడదామంటే, కొలత తేడా చేతికి తగిలి, ఇదేమిటని అడుగుతాడు. చివరికి నాకు చేతనైన పనే చేశాను. కొత్త వ్యాక్స్ గరిటెతో తీసి పాత డబ్బాలోకి ఎత్తి, పాత చోటే పెట్టాను. అబద్ధమాడటానికి నోరే అక్కర్లేదని ఆ రోజు తెలిసింది.

ఆదివారం వచ్చింది. కడిగాం, తుడిచాం. బావ గుడ్డకు రాసుకుని బానెట్ మీద రెండు చుట్లు తిప్పి ఆగాడు. వేళ్ళ మధ్య నలిపి చూశాడు. చేతి గడియారంలో పడిన ధూళి రేణువును వెతికి పట్టుకున్న వేళ్ళు అవి.

"ఒరే, ఇది ఆ డబ్బా కాదు."

"అదే డబ్బా బావా. కళ్ళు పోతే పోయాయి, మతి కూడానా?"

"డబ్బా అదే. లోపలిది కాదు. పలుకు చేతికి తగలడం లేదు."

"కొత్త సరుకు. ఏనుగు దంతాన్ని పాలలో నానబెట్టి నూరుతున్నారట. నూరలేక ఇద్దరు మనుషులకు దంతాలు ఊడాయట."

బావ నవ్వలేదు. "మురికి వస్తోందా?"

గుడ్డ చూశాను. తెల్లగా ఉంది. "వస్తోంది."

"నీలంగానేనా?"

"సిరాబుడ్డి ఒలికినట్టు."

ఆయన గుడ్డ పక్కన పెట్టి, ఉత్త చేత్తో బానెట్ తడమడం మొదలుపెట్టాడు. అంచు నుంచి లోపలికి వచ్చాడు. నునుపు మీద అనాయాసంగా జారుతూ వచ్చిన చెయ్యి, నడిమధ్యకు చేరగానే ఆగిపోయింది. వెనక్కి తీసుకుని ఇంకో వైపు నుంచి తెచ్చాడు. అక్కడే ఆగింది.

"ఇక్కడ చెయ్యి జారడం లేదేం?"

నేను కుళాయి కట్టేశాను. ఏదో ఒకటి అల్లి చెప్పడానికి నా నాలుక ఎప్పుడూ తయారుగా ఉంటుంది. ఆ పూట దానికి వాయిదా ఒక్కటే దొరికింది.

"పని కానీ బావా. అయ్యాక చెప్తాలే."

"అయ్యాక ఏం చెప్తావు? మీ అక్క పోయిన పూట ఆసుపత్రి వరండాలో నా పక్కన కూర్చుని, 'నిద్రపోతోంది బావా' అన్నావు. నాకు తెలుసురా అప్పటికే. నువ్వు అంత కష్టపడి చెప్తున్నావని నమ్మినట్టు కూర్చున్నాను. ఇప్పుడు కూర్చోలేను. చెప్పు."

చెప్పాను. ఎక్కడా పువ్వులు అతికించకుండా చెప్పాను. అది వ్యాక్స్ కాదని, గీతలు అరగదీసే కాంపౌండు అని, గుడ్డకు అంటింది మురికి కాదని, రంగని.

బావ చెయ్యి బానెట్ మీదే ఉంది. "అంతా?" అన్నాడు.

"అంతా అంటే?"

"ఇన్ని ఆదివారాలు తుడిచిందంతా?"

"అంతా రంగే బావా."

బకెట్టు బోర్లించి దాని మీద కూర్చోబెట్టాను. కుళాయి సరిగ్గా కట్టలేదేమో, చుక్కలు పడుతున్నాయి. ఇంకో రోజైతే ఆ చప్పుడుకు విసుక్కునేవాడు.

"పసిబిడ్డకు రాసినట్టు రాయమంది" అన్నాడు చివరికి. "నేను నొక్కాను. గట్టిగా నొక్కితే గాని దానికి వినబడదేమో అనిపించేది."

బనీను గుడ్డ పిండాను. పిండిన గుడ్డనే మళ్ళీ పిండాను.

"ఇప్పుడు అక్కడ ఏ రంగుందిరా?"

"బూడిద రంగు."

"ఎంత మేర?"

పిల్లిని పులి చేశాను, చినుకును వరద చేశాను, ఎదురింటి గుమాస్తాకు సగం గడ్డం మిగిల్చాను. ఉన్నదాన్ని ఉన్నంతలో ఎప్పుడూ చెప్పి ఎరగను. అక్కడ ఉన్నది చేటంత. చేటను రెండు చేతులా పట్టుకోవాలి.

"అరచేయంత" అన్నాను. దేన్నయినా తగ్గించి చెప్పడం నా జన్మలో అదే మొదలు.

బావ లేచి, తడుముకుంటూ బానెట్ దగ్గరకు వచ్చాడు. చెయ్యి జారని చోటు వెతికి, అరచెయ్యి ఆనించాడు. వేళ్ళు దగ్గరగా చేర్చి, ఎందుకో మళ్ళీ వెడల్పుగా చాపాడు. వేళ్ళ సందుల్లోనూ చేతికి నాలుగు వైపులా బూడిద రంగు కనబడుతూనే ఉంది.

"కప్పిందా?"

"కప్పింది బావా."

"మొత్తం?"

"మొత్తం."

ఆయన చెయ్యి అటూ ఇటూ జరిపి చూడలేదు. జరిపితే తెలిసిపోయేది. అలాగే ఆనించి నిలబడ్డాడు. నేను బకెట్టు నింపుకుని, అవతలి వైపు తలుపులు తుడవడానికి వెళ్ళాను.