రాజుకి ఎదురుమాట

నందిగామ జూనియర్ కాలేజీలో తెలుగు చెప్పే సూసన్‌కి ఆ సాయంత్రం ఒళ్ళు మండిపోయింది. మండదా మరి? చెవిటికల్లు చర్చిలో వేసే క్రిస్మస్ నాటకం రాసింది తను. పసిపిల్లల్ని చంపమన్న రాజుని ఒక తల్లి నిలదీసే ఘట్టం కోసమే రాసింది. తీరా విజయవాడ స్టూడియోలో రికార్డు చేయించి తెచ్చిన ట్రాకు వింటే రాజున్నాడు, సైనికులున్నారు, ఉరుములూ ఉన్నాయి. తల్లి మాటలు మాత్రం ఎగిరిపోయాయి.

ఇప్పుడు ఆ ఊళ్ళో నాటకమంటే ఇదే లెండి. మాటలన్నీ ఎవరో ముందే రికార్డు చేసి ఇస్తారు. మనవాళ్ళు వేషాలు కట్టి, సౌండు బాక్సుల్లోంచి వచ్చే ఆ గొంతులకి పెదాలు కదుపుతారు. మాట మర్చిపోతామన్న బెంగ లేదు, తడబడతామన్న భయం లేదు. ప్లాస్టిక్ అరిటాకులాగా చక్కగా ఉంటుంది.

సంఘపెద్ద సొలొమోను కుర్చీలు వేయిస్తుంటే సూసన్ నేరుగా వెళ్ళి అడిగింది.

"పెదనాన్నా, తల్లి మాటలేవి?"

"ఆడగొంతు దొరకలేదమ్మా. అయినా పండగ పూట ఆ ఏడుపులెందుకు? ఆడోళ్ళంతా కోరస్‌లో పాడుతున్నారుగా, చాల్లే."

"పాడ్డం వేరు, ఎదురు అడగడం వేరు. అసలు నాటకం పుట్టిందే అక్కడ. గ్రీకు దేశంలో దేవుడి పండగకి గుంపంతా పాడుతుంటే ఒకడు బయటికొచ్చి మాట్లాడాడంట. ఆ మాటకి జవాబు వచ్చింది. అట్టా మొదలైంది. డ్రామా అంటే వాళ్ళ భాషలో చెయ్యడమని. పెదాలు కదపడం కాదు."

"కాలేజీ పాఠాలు కాలేజీలో చెప్పుకో. నా దగ్గర నాటకాలాడకు!"

నాటకమంటే దృశ్యకావ్యమని పిల్లలకి చెప్పే మనిషికి అదే మాట తిట్టై తగిలింది.

"ఊరుకోవే, పెద్దాయనతో నీకెందుకు?" అని తల్లి జయమణి చెయ్యి పట్టి లాగింది. సూసన్ ఊరుకునే రకమా! ఆ మాటలు ఆవిడ కోసమే రాసిందాయె. సూసన్‌కి ముందు పుట్టిన మగబిడ్డ జ్వరంతో పోయినప్పుడు, సమాధి దగ్గర జయమణి గుండె బాదుకోబోతే ఇదే సొలొమోను "ఏడవకమ్మా, పాట ఎత్తుకో" అన్నాడట. జయమణి పాడింది. అప్పట్నించీ కోరస్‌లో పాడుతూనే ఉంది, ఆ బిడ్డ ఊసు మాత్రం ఎత్తలేదు. ఈ సంగతి సూసన్‌కి చెప్పింది నాయనమ్మ.

నాటకం మొదలైంది. రాజు వేషం సొలొమోను కొడుకు రూబెన్‌ది. ఆటో నడిపే మనిషి, థర్మాకోల్ కిరీటంలో దర్జాగానే ఉన్నాడు. "చంపండి! ఒక్కణ్ణీ వదలొద్దు!" అని బాక్సులు గర్జించాయి, రూబెన్ పెదాలు కదిపాడు. ఇక కోరస్ పాట అందుకోవాలి.

సూసన్ కోరస్ వరసలోంచి బయటికి వచ్చింది. చేతిలో మైకు లేదు.

"ఆగు రాజా! పాలు తాగే పిల్లాడు నీ సింహాసనానికి అడ్డమా? వాడేం చేశాడు నిన్ను? చెప్పు!"

సరిగ్గా అప్పుడే బాక్సుల్లో రాజు పగలబడి నవ్వాడు. రూబెన్ నోరు మూసే ఉంది. నోరు మూసుకున్న రాజు నవ్వు ఊరంతా వినిపిస్తుంటే ముందు వరసలో పిల్లలు కిసుక్కుమన్నారు.

"సౌండు పెంచు సలీం! పాట ఎత్తుకోండమ్మా!" అని సొలొమోను లేచి అరిచాడు.

జగ్గయ్యపేట నుంచి బాక్సులు తెచ్చిన సలీం స్టేజీ వైపు చూసి, ట్రాకు ఆపేశాడు. "ఉండండి సార్, ఆమె అడుగుతోందిగా."

రూబెన్ నోరు తెరిచాడు. ఏం చెప్తాడు పాపం, సొంత మాట ఒక్కటి ఉంటేగా! సూసన్ రాసుకున్న మాటలూ అయిపోయాయి. ఇక్కడితో ఆగితే, అందరూ నవ్వేసి పాట ఎత్తుకుంటారు. అమ్మ మాట మళ్ళీ మట్టిలోకే పోతుంది.

అప్పుడు వెనక నుంచి ఎవరో నడిచి వచ్చి ఆమె పక్కన నిలబడ్డారు. చూస్తే జయమణి.

"నా కొడుక్కి పేరన్నా పెట్టలేదు," అంది రాజుని చూస్తూ. "పేరు పెట్టకముందే మట్టిలో పెట్టాం. ఏడుద్దామంటే ఏడవనియ్యలేదు నన్ను. ఎందుకని?"

ఇది సూసన్ రాసిన మాట కాదు. అసలు ఎవరూ రాసిన మాట కాదు. కోరస్‌లో మిగిలిన ఆడవాళ్ళు కూడా ఒక్కొక్కరే ముందుకొచ్చి ఆవిడ వెనక నిలబడ్డారు. రూబెన్ కిరీటం తీసి చేత్తో పట్టుకున్నాడు.

"పాటమ్మా... పాట," అన్నాడు సొలొమోను.

జయమణి రాజుని వదిలి ఆయన వైపు తిరిగింది.

"ముందు జవాబు చెప్పండి బావగారూ. పాట తర్వాత పాడతాం."