ఖాళీ అక్క

మున్సిపల్ కౌన్సిల్లో పిల్లల సంక్షేమ కమిటీ అంటే ఎవరికీ పట్టని కమిటీ. రోడ్ల కమిటీ కోసం కొట్టుకుంటారు, వీధిదీపాల కమిటీ దక్కకపోతే అలుగుతారు. దీన్ని మాత్రం కొత్తగా గెలిచినవాళ్ల నెత్తిన రుద్దుతారు. ఈసారి అది టైలరమ్మ నెత్తిన పడింది. కౌన్సిలరైనా ఆవిడ కుట్టుమిషను వదల్లేదు, జనం ఆ పాత పిలుపూ వదల్లేదు.

కౌన్సిల్ నడిపే పిల్లల హాస్టలుకి ఆవిడ మధ్యాహ్నం తనిఖీకి వెళ్లింది. సూపరింటెండెంటు గేటు దాకా ఎదురొచ్చాడు. పిల్లలు ఆయన్ని చాటుగా సర్దుబాటు సార్ అంటారు. కుళాయి పాడైందా, సర్దుకుంటున్నాం. దుప్పట్లు చాలవా, సర్దుకుంటున్నాం. వరండాలో నల్లబోర్డు మీద డ్యూటీలు రాసి ఉన్నాయి. వంటమనిషి పేరుంది, పగటి ఆయా పేరుంది. రాత్రి ఆయాకి ఎదురుగా మాత్రం ‘ఖాళీ’ అని ఉంది.

“ఎప్పట్నుంచి?”

“పాతావిడ రిటైరైన దగ్గర్నుంచండి. కౌన్సిల్ మనిషిని ఇవ్వట్లేదు. సర్దుకుంటున్నాం.”

“మరి రాత్రిళ్లు పిల్లల దగ్గర ఎవరుంటున్నారు?”

“వాచ్‌మన్ గేటు దగ్గరే ఉంటాడండి. గదికి బయట తాళం వేయిస్తాం. భద్రంగా.”

భద్రమట! టైలరమ్మకు ఒళ్లు మండింది. ఆడపిల్లల గదిలో చిట్టి అనే నాలుగేళ్ల పిల్లకి మూర్ఛ ఉందనీ, అది నిద్రలోనే వస్తుందనీ పగటి ఆయా అప్పటికే చెవిన వేసింది. తాళం వేసిన గదిలో అది వస్తే చూసేదెవరు? గదిలోకి వెళ్లి పిల్లల్నే అడిగింది.

“ఖాళీ అక్క చూస్తుందండీ,” అంది అందర్లోకీ పెద్దపిల్ల.

“ఎవరూ?”

“ఖాళీ అక్క. రాత్రి ఆయా. బోర్డు మీద పేరుంది కదండీ!”

టైలరమ్మకు నవ్వు ఆగలేదు. చదువు కొత్తగా వచ్చిన పిల్లలు, పేర్ల కింద ఉన్నది పేరే అనుకున్నారు. నవ్వుతూనే పక్క మంచం మీద కూర్చోబోయింది.

“అక్కడొద్దు!” పిల్లలంతా ఒక్కసారే కేకేశారు.

ఆ మంచం ఏ పిల్లదీ కాదు. అయినా పక్క వేసి ఉంది. దిండు మధ్యలో, అప్పుడే ఎవరో తల తీసినట్టు గుంట ఉంది.

“మీ ఖాళీ అక్క ఏం చేస్తుందే?” అని అడిగింది, ఈసారి కొంచెం మెల్లగా.

“చిట్టికి ఫిట్స్ వస్తే పక్కకి తిప్పుతుంది. గట్టిగా పట్టుకోకూడదట. నోట్లో ఏమీ పెట్టకూడదట. తల కింద చెయ్యి పెట్టి, అయిపోయేదాకా మాట్లాడుతూ ఉండాలట.”

“మొహం ఎలా ఉంటుంది?”

“చీకట్లో వస్తుంది కదండీ,” అంది పెద్దపిల్ల, ఆ మాత్రం తెలీదా అన్నట్టు.

ఇవన్నీ నువ్వు నేర్పావా అని అడిగితే పగటి ఆయా బిక్కమొహం వేసింది. “నాకే తెలీదమ్మా. నేనైతే అదిమి పట్టుకుంటా.” టైలరమ్మ నవ్వు ఎటు పోయిందో పోయింది.

వరండాలోకి వచ్చి కమిషనరుకి ఫోన్ చేసి దులిపేసింది. ఇవాళ మనిషిని వేయకపోతే మీటింగులో మీ పరువు తీస్తానంది. ఆ దెబ్బకి సాయంత్రానికల్లా ఆర్డరు వచ్చింది. సర్దుబాటు సార్ మొహం వెలిగిపోయింది. డస్టరుతో ఖాళీని శుభ్రంగా తుడిచి, అక్కడ గుండ్రటి అక్షరాలతో ఎవరిదో పేరు రాశాడు.

“ఆవిడ చేరేదెప్పుడు?”

“వచ్చే నెలండి. కాగితం మీదైతే ఇవాళే. అప్పటిదాకా...”

“సర్దుకుంటారు!”

ఇంతలో గదిలోంచి ఏడుపు. టైలరమ్మ పరుగెత్తింది. పెద్దపిల్ల ఆ మంచం పక్కన నిలబడి వెక్కుతోంది. దిండు మీద గుంట లేదు. కొత్తగా దూది కూరినట్టు ఉబ్బి ఉంది.

“పేరు చెరిపేశారు. అక్క వెళ్లిపోయింది. ఇవాళ చిట్టినెవరు చూస్తారండీ?”

దయ్యాలంటే టైలరమ్మకు చిన్నప్పట్నుంచీ హడలు. ఇప్పుడు ఆ గదిలో ఏదీ లేదని తెలిసి గుండె జారిపోయింది. సూపరింటెండెంటు దగ్గర తాళం లాక్కుంది. ఇంటికి ఫోన్ చేసి మొగుడితో చెప్పింది.

“ఇవాళ నేను రాను. ఎప్పుడొస్తానా? ఇక్కడ మనిషి చేరాక. నువ్వే సర్దుకో.”

చీకటి పడుతూండగా చిట్టి కునికింది. కునికిందో లేదో, ఒళ్లు కొయ్యలా బిగుసుకుంది. టైలరమ్మ పెద్దపిల్ల చెప్పిందంతా గుర్తు తెచ్చుకుంది. పిల్లని పక్కకి తిప్పింది. తల కింద చెయ్యి పెట్టింది. ఏం మాట్లాడాలో తోచక గౌను కుడతానంది, దానికి జేబులు పెడతానంది, జేబుల నిండా బొత్తాలు పోస్తానంది. నాలుక పిడచకట్టుకుపోయినా ఆపలేదు. చివరికి ఆ చిన్న ఒళ్లు వదులైంది. చిట్టి కళ్లు తెరవకుండానే తడిమి ఆవిడ వేలు పట్టుకుంది.

“ఖాళీ అక్కా, ఉన్నావా?”

కాదని చెప్పబోయింది టైలరమ్మ. పిల్లలంతా ఆవిడకేసే చూస్తున్నారు.

“ఉన్నానమ్మా,” అంది.

“వచ్చేసింది, ఇక పడుకోండి,” అని మిగతావాళ్లకి చెప్పి, పెద్దపిల్ల లైటు తీసేసింది.