మొదటి కాళ్ళనీళ్ళు

రిసార్టు పచ్చికలో అరగంట ఆడించిన కొండవాళ్ళ థింసా ఆట చూసి, అదేదో కొండల గుట్టంతా తెలిసిపోయినట్టు స్టేటస్‌లు పెట్టుకునేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. చూసి ఊరుకుంటారా? ఆడవాళ్ళు ఒకరి వెనక ఒకరు చేతులు పెనవేసుకుని ఆడుతుంటే మధ్యలో దూరిపోతారు. ఒక చేతిలో బొంగు చికెన్ ప్లేటు, ఇంకో చేతిలో ఫోను, కాళ్ళకి బాత్రూం చెప్పులు. ఒకసారి ఒక పెద్దమనిషి వాయిద్యాల దగ్గరికెళ్ళి సినిమా పాట కొట్టమన్నాడు. నేను లేచి అతనితో గొడవ పెట్టుకున్నాను. మేనేజరు వచ్చి నన్నే గేటు బయటికి పంపించాడు. మిగతా ఆటంతా గోడవతల నిలబడి విన్నాను. నిజం చెప్పొద్దూ, అక్కడే బాగా వినిపించింది.

నా పేరు గోపాలకృష్ణ. మాది ఎస్.కోట. అరకు సంత వీధిలో సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్టు పెట్టుకుని ఇక్కడే ఉండిపోయాను. ముందు కొట్టు, వెనక ఇల్లు. నాకు పేకాట లేదు, మందు లేదు. ఉన్న ఒకే ఒక్క వ్యసనం గాసి తాత మోరి.

మోరి అంటే సన్నాయికి తమ్ముడు. చూడ్డానికి పిల్లల ఆటవస్తువులా ఉంటుంది. డప్పులూ తుడుములూ ఎంత మోగనీ, దాని గొంతు వాటి నెత్తిమీంచి లేచి, ఎదురుకొండకి తగిలి తిరిగొస్తుంది. గాసి తాత ఊదేముందు ఒక పొడి దగ్గు దగ్గేవాడు. ఆ దగ్గు వినపడగానే ఆడేవాళ్ళ పాదాలు సర్దుకునేవి, నా గుండె కూడా. జాతరకైనా, పెళ్ళికైనా, ఆయన బృందం ఎక్కడికెళ్తే అక్కడికి షట్టరు దించేసి బండేసుకుని పోయేవాణ్ణి. "పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టండి" అనేది మా ఆవిడ సుష్మ.

ఆయన పక్కన ఎప్పుడూ భార్య సోములమ్మ ఉండేది. చేత్తో కుట్టిన ఒక గుడ్డసంచిలో మోరిని పెట్టుకుని, బిడ్డని ఎత్తుకున్నట్టు మోసుకొచ్చేది. వాళ్ళకి పిల్లలు లేరు.

పాడిగుడలో వాళ్ళింటికి వెళ్ళినప్పుడల్లా చోడి అంబలి తాగించి, ఆయన పాటల సంగతి చెప్పేవాడు. అన్నిట్లోకీ రెండు పాటలంటే ఆయనకి భయమూ భక్తీ. ఒకటి సాగనంపు. చచ్చిపోయినవాళ్ళకి పెద్దదినం చేసిన రోజు, మోరి ముందు నడిచి వాళ్ళని ఇంటి నుంచి పొలిమేర రాయి దాకా తీసుకెళ్ళి వదిలే పాట. వదిలాక అందరూ వెనక్కి చూడకుండా, చప్పుడు చెయ్యకుండా తిరిగి రావాలి. రెండోది పిలుపు. పెళ్ళివారినీ చుట్టాలనీ పొలిమేర నుంచి ఊళ్ళోకి తీసుకొచ్చే పాట.

"రెండూ ఒకటే ఊపిరి బాబూ. ఒకటి పోయేది, ఒకటొచ్చేది," అనేవాడు. "పిలుపు ఇనపడితే డప్పు జవాబు సెప్పాల్సిందే. వచ్చేవోడు పగోడైనా సెప్పాల."

దానికి ఇంకో షరతు ఉంది. పిలుపు ఎవరి మోరి ఊదిందో, వచ్చినవాళ్ళు ముందు ఆ ఇంటికే వెళ్ళాలి. ఆ ఇంటివాళ్ళే మొదట కాళ్ళకి నీళ్ళివ్వాలి. ఆ తరవాతే పెళ్ళివారిల్లు. ఆ మాట వచ్చినప్పుడల్లా సోములమ్మ లోపల్నించి అరిచేది.

"పెళ్ళి ఎవులిదో, కుండలు ఖాళీ అయ్యేది మావి! నీలు మోసి మోసి నా నడుం ఇరిగిపోనాది!"

గాసి తాత పకపకా నవ్వేవాడు, నవ్వు దగ్గులోకి తిరిగేది.

మొన్న వానల్లో ఆ దగ్గే ఆయన్ని తీసుకుపోయింది. నాకు కబురు అందేసరికి మట్టి చేసేశారు. వాళ్ళింటికి వెళ్ళి చూస్తే మోరి దూలానికి వేలాడుతోంది. మోరిగాడు పోతే అలా కట్టేస్తారట. పెద్దదినం చేసి ఆయన్ని పొలిమేర దాటించేదాకా దాన్ని ఇంకొకరు ముట్టుకోకూడదు. అప్పటిదాకా ఆయన ఇంట్లోనే ఉన్నట్టు లెక్క.

దసరా సెలవుల్లో బృందం మళ్ళీ రిసార్టులో ఆడింది. నన్ను లోపలికి రానివ్వరు కాబట్టి గోడవతలే నిలబడ్డాను. ఆట మొదలైంది. మోరి లేవాల్సిన చోటు వచ్చేసరికి డప్పులు వేలికొసల మీదికి దిగిపోయాయి. ఆయన వంతు ఆయనకి వదిలేశారన్నమాట. లోపల ఎవరో "సౌండ్ పోయింది" అన్నారు. పాదాలు మాత్రం ఆగలేదు. కాలి అందెలు ఎక్కడ మెలిక తిరగాలో అక్కడ తిరుగుతున్నాయి, ఎక్కడ ఎగరాలో అక్కడ ఎగురుతున్నాయి. వింటున్నకొద్దీ నా తల దానంతటది ఊగుతోందని నాకే ఆలస్యంగా తెలిసింది. మోరి ఎత్తుకునే చోట ఎత్తుతోంది, దించే చోట దించుతోంది. ఏమీ వినిపించకుండానే అన్నీ వింటున్నాను. నాకు భయం వేసింది. ఆట అయిపోకముందే బండెక్కి వచ్చేశాను.

ఆ తరవాత శుక్రవారం సంతకి సోములమ్మ అల్లం గంప తెచ్చింది. సరుకు అమ్ముకుని, నా కొట్టులోకొచ్చి స్టూలు మీద కూర్చుంది.

"బాబూ, మా ముసిలోడి పాట నీ ఫోన్ల ఉన్నాది గదా? ఒక్కపాలి ఎయ్యి."

ఆయన పాటలన్నీ ఫోనులో పట్టుకున్నవి నా దగ్గర ఉన్నాయి. ఒక పెళ్ళిలో ఊదిన పిలుపు వేశాను, బ్లూటూత్ స్పీకరులో. ముందు ఆ పొడి దగ్గు వినిపించింది. ముసలామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అది మొదలు ప్రతి శుక్రవారం వచ్చేది. స్పీకరు మీద ఏ మీట నొక్కితే పాట మొదలవుతుందో, ఏది నొక్కితే తరవాతిది వస్తుందో అడిగి నేర్చుకుంది. ఇంకో పాట వద్దనేది. పిలుపు ఒక్కటే.

"ఇంట్లోనే ఉన్నాడు బాబూ," అంది ఒక రోజు. "తెల్లారగట్ల దగ్గుతాడు. గాలి నేకపోయినా మోరి ఊగుతాది. అంబలి ఒంపి దాని కింద ఎడతాను."

"మరి పెద్దదినం చెయ్యాలంటున్నారు కదా మామ్మా?"

"సేత్తే ఎల్లిపోతాడు. ఒక్కదాన్నీ ఆ ఇంట్ల ఏటి సేసుకోవాల?"

టీ తెప్పించాను.

ఆ వారమే ధర్మ వచ్చాడు. గాసి తాత తమ్ముడి కొడుకు, పెద్ద డప్పు అతనిది. వస్తూనే కౌంటరు మీద మోచేతులు ఆన్చి నిలబడ్డాడు.

"అన్నా, మోరి నేక ఆట పడిపోనాది. రిసార్టోల్లు డీజే ఎట్టుకుంటామంటన్నారు. నేర్సుకుంటాకి మా కుర్రగుంటలు సిద్ధమే. దూలం మీంచి దించితే గదా? దించాలంటే పెదనాయిన్ని సాగనంపాల. సాగనంపాలంటే మోరి ఊదినోడు కావాల."

ఊదేవాళ్ళ కోసం వాళ్ళు కొండలన్నీ తిరిగారట. పెదబయలు వైపు ఒక ముసలాయన ఉన్నాడు కానీ పళ్ళన్నీ ఊడి నోట్లో మోరి పీక నిలవదు. మిగతావాళ్ళు కీబోర్డులో సన్నాయి మీట నొక్కేవాళ్ళు. చివరికి పెద్దలు కూర్చుని ఒక మాట అనుకున్నారు. పోయినేడు ఇంకొకరి పెద్దదినానికి గాసి తాత ఊదిన సాగనంపు నా ఫోనులో ఉంది కాబట్టి, దాన్నే మోగిద్దామని.

"ఆయన్ని ఆయనే పంపుకుంటాడు," అన్నాడు ధర్మ. చెప్పేటప్పుడు నా కళ్ళలోకి చూడలేదు.

కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. ధర్మ మాట న్యాయమైనదే. మోరి దిగాలి, ఎవరో ఒకరు ఊదాలి, లేకపోతే డీజే బాక్సులు కొండల్ని మింగేస్తాయి. కానీ ఆ ముసలామె? ఇంకా నిజం చెప్పాలంటే, నేను? ఆయన పూర్తిగా వెళ్ళిపోవడం నాకూ ఇష్టం లేదు. సరేనని తల ఊపి, ఆ రోజంతా సుష్మ మీద కారణం లేకుండా చిరాకు పడ్డాను.

పెద్దదినం నాడు మధ్యాహ్నమైనా మంచు విడలేదు. ఫోను నా దగ్గర ఉంచుకుని, స్పీకరు ధర్మ చేతికి ఇవ్వబోతే సోములమ్మ అడ్డం వచ్చింది. ఆ గుడ్డసంచి చాపింది.

"ఇన్నాల్లూ ఆయన మోరి నేనే మోసినాను. ఈపూట ఇంకొకలు మోత్తారా?"

ధర్మ కళ్ళు తుడుచుకుని పక్కకి తప్పుకున్నాడు. స్పీకరు సంచిలోకి వెళ్ళింది. నేను ఫోను నొక్కాను.

ముందు దగ్గు వినిపించింది. వాకిట్లో ఉన్నవాళ్ళంతా ఒక్కసారి బిగుసుకుపోయారు. ఆయన దగ్గు, ఆయన వాకిట్లో. తరవాత సాగనంపు మొదలైంది. సోములమ్మ ముందు, డప్పులవాళ్ళూ మేమూ వెనక. కాఫీ తోటల పక్కగా, మంచులో ఒకరి వీపు ఒకరికి సరిగా కనపడకుండా నడిచాం. పొలిమేర రాయి దగ్గర అడ్డాకులో అన్నం, ఆయన చుట్ట పెట్టారు. పాట అయిపోయింది. తరవాతి పాట మొదలవకుండా ఆపి, ఫోను చొక్కా జేబులో వేసుకున్నాను. అందరం తిరిగాం. ఎవరూ వెనక్కి చూడలేదు. నేను లోపల ఏడుస్తున్నాను, పైకి మాత్రం కాలికింద రాళ్ళు చూసుకుంటూ నడుస్తున్నాను.

సగం దారిలో సంచిలోంచి దగ్గు వినిపించింది.

ఆ వెంటనే పిలుపు లేచింది. సోములమ్మ చెయ్యి సంచిలో ఉంది. నొక్కాల్సిన మీట ఆమెకి బాగా తెలుసు.

ధర్మ ఆగిపోయాడు. మొహం నల్లబడింది. అతని చేతులు మాత్రం ఆగలేదు. చిన్నప్పట్నించీ ఆ పాటకి జవాబు చెప్పిన చేతులవి. డప్పు మీద ఒక దెబ్బ పడింది, దాని వెనక తుడుం అందుకుంది. ఆడవాళ్ళ పాదాలు కలిశాయి. పంపడానికి వెళ్ళినవాళ్ళే పిలుచుకుంటూ నడుస్తున్నారు.

ఫోను నా జేబులోనే ఉంది. ఒక్క వేలు తగిలిస్తే ఆగిపోతుంది. తగిలించలేదు. అంత మంచులో, అంతమంది డప్పుల మధ్య, ఆ మోరి అలా లేస్తుంటే ఆపడం నా వల్ల కాలేదు. పాట పూర్తయ్యేదాకా విన్నాను.

సోములమ్మ గుమ్మం ముందు రాయి మీద చెంబుతో నీళ్ళు పోసింది. పెద్దలు తిట్టిపోశారు.

"ఏటి సేసినావే?" అన్నాడు ధర్మ, ఏడుపు గొంతుతో.

"పిలుసుకున్నాను," అంది. "నా మొగుడు, నా ఇల్లు."

పిలిచినవాణ్ణి వెంటనే వెళ్ళగొట్టడానికి ఆచారం ఒప్పుకోదు. మోరిని దూలం మీంచి దించలేదు. ధర్మ నాతో మాట్లాడలేదు. స్పీకరు తీసుకుని బయల్దేరాను. బండి మీద ఒక్కణ్ణే ఉన్నాను. ఎందుకో ఎక్కుడులో బండి లాగలేదు, దారంతా రెండో గేరులోనే వచ్చాను. ఇంటికి చేరి ప్లగ్గు చూశాను, బాగానే ఉంది.

మర్నాడు పొద్దున్న నేను వెనక పళ్ళు తోముకుంటుంటే సుష్మ వచ్చింది.

"కొట్టు తీశారా?"

"లేదు. ఏం?"

"ఎవరో దగ్గుతున్నారు."

షట్టరుకి తాళం వేసే ఉంది. పిల్లి అన్నాను. పిల్లి దగ్గడం తనెప్పుడూ వినలేదంది సుష్మ. నేను విన్నది ఆ సాయంత్రం, ఒక ఫోను విప్పుతుండగా. కుడిచెవి పక్కనే, పొడిగా, ఒకే ఒక్కసారి. నా పాదాలు వాటంతటవి సర్దుకున్నాయి. స్క్రూలు కిందపడి చెల్లాచెదరయ్యాయి.

శుక్రవారం సోములమ్మ వచ్చింది. గంప లేదు, ఆ గుడ్డసంచి ఒక్కటే ఉంది. స్టూలు మీద కూర్చుని స్పీకరు వైపు చెయ్యి చాపలేదు.

"ముసిలోడు ఇంట్ల నేడు బాబూ," అంది.

నేను స్క్రూడ్రైవరు పక్కన పెట్టాను.

"మోరి ఊగడం నేదు. దగ్గు నేదు. ఎట్టిన అంబలి ఎట్టినట్టే ఉంటన్నాది. ఆవేళ నీలు పోసినాను గదా, రాయి మీద ఒక్క అడుగైనా పడనేదు. కూకుని ఆలోసించినాను." ఆమె కౌంటరు మీదున్న నా ఫోనుని చూసింది. "పిలిసింది నీ ఫోను. మోరి ఎవులిదైతే సుట్టం ఆల్లింటికే గదా? ఇన్నేల్లు నడుం ఇరిగేలాగ నీలు మోసినాను, ఆ మాటే మర్సిపోనాను."

కొట్టులో ఫ్యాను తిరుగుతోంది. బయట సంతలో ఎవరో ఎండుచేపల బేరం ఆడుతున్నారు.

"నీలిచ్చినావా?" అని అడిగింది.

ఇవ్వలేదు. ఇవ్వాలని నాకు తట్టలేదు. గుమ్మం దగ్గరికొచ్చి అంతా వింటున్న సుష్మ లోపలికెళ్ళి చెంబుతో నీళ్ళు తెచ్చింది. నేను కొట్టు మెట్టు మీద పోశాను. సంతకొచ్చినవాళ్ళు వింతగా చూశారు. నీళ్ళు మెట్టు మీద పరుచుకున్నాయి. మధ్యలో, రెండుచోట్ల, పాదాలంత మేర చీలి పక్కలకి జరిగాయి.

నా భుజం వెనక దగ్గు వినిపించింది.

సోములమ్మకి వినపడలేదు. ఆమె నా మొహమే చూస్తోంది.

"దగ్గినాడా?"

"దగ్గాడు మామ్మా."

"బాగున్నాడా?"

"బాగున్నాడు."

ఆమె తల ఊపింది. ఒళ్ళో ఉన్న గుడ్డసంచిని మడతలు సాపు చేసి నా కౌంటరు మీద పెట్టింది. "ధర్మాకి సెప్తాను, మోరి దించేసుకోమని. ఇది నీకాడ ఉంచు. సలికాలం ఆయనకి దగ్గు ఎక్కువ, తలుపు ఏసుకోండి," అంది.

మెట్టు తడి తొక్కకుండా పక్కనించి దిగి, పాడిగుడ జీపు ఆగే వైపు వెళ్ళింది. మోరి చప్పుడు లేకుండా, పొలిమేర నుంచి తిరిగొచ్చేవాళ్ళలా, వెనక్కి చూడకుండా నడిచింది.