పాలపిట్ట రెక్క మీద ఎర్రగీతలు

మూడు నెలలు శైలజ ఒక్క రెక్కతోనే కుస్తీ పట్టింది. పాలపిట్ట రెక్క. పిట్ట వాలి ఉన్నప్పుడు మట్టిరంగే, రెక్క విప్పితే ఆ నీలం చూడాలి. సిరాతో ఆ నీలం తేవాలని పిల్ల పంతం. మొదట్లో సిరా కాగితమంతా పాకి రెక్క కాస్తా మురికి మరకయ్యేది. తర్వాత తండ్రి ధర్మయ్య మగ్గం మీది పడుగు దారాలకు పట్టించే గంజిని పల్చగా చేసి కాగితానికి పూసింది. సిరా చెప్పినచోట ఆగింది. తడి మీద ఉప్పు చల్లితే నూగులాంటి చుక్కలు లేచాయి. మగ్గం కింద రాలిన పట్టుపోగులు ఈకలయ్యాయి, జరీ ముక్కలు వాటి ఈనెలయ్యాయి. పదహారు రెక్కలు పొయ్యిలోకి పోయాక పదిహేడోది నిలిచింది.

దాని ఫోటో చూసి హైదరాబాద్‌లో ఒక చిత్రకళల కాలేజీ వాళ్లు రమ్మన్నారు. శనివారం అసలు బొమ్మ తెచ్చి చూపిస్తేనే సీటు. గద్వాలలో వాళ్ల వీధి ఆడపిల్లకు అలాంటి పిలుపు రావడం అదే మొదలు.

శుక్రవారం పొద్దున బొమ్మకు అట్ట కొనడానికి బజారుకు పోయింది. గంట కూడా పట్టలేదు. వచ్చేసరికి ధర్మయ్య రెక్కను పీట మీద పరిచి, స్కేలు పెట్టి, ఎర్ర బాల్‌పెన్నుతో గళ్లు గీస్తున్నాడు. నిలువు గీతలు అయిపోయాయి, అడ్డగీతలు సగం దాటాయి. అంచున అంకెలు కూడా వేశాడు.

"ఏం జేస్తున్నవ్ నాయినా!"

"గ్రాఫు గీస్తున్న బిడ్డా. నలభై ఏండ్లు చీరల సేటు ఇచ్చిన హంసలు, మామిడిపిందెలే నేసిన. గీ రెక్కను చీర కొంగు మీదికి దించాలె. గళ్లు లెక్కపెడితేనే గద పోగులు తెలిసేది? నా బిడ్డ బొమ్మ నేనే నేస్త."

మగ్గం ఎరిగినవాడికి గళ్లు పడని బొమ్మ సగం బొమ్మే. ఆయన పాడుచేస్తున్నాననుకోలేదు, పూర్తిచేస్తున్నాననుకున్నాడు. అది శైలజకూ తెలుసు. తెలిసీ నోరు పారేసుకుంది.

"నాశనం జేసినవ్! గళ్లు తప్ప నీకేం తెల్వదు. నీ తీరుగ నేను గూడ మగ్గం గుంతల్నే సావాల్నా?"

ధర్మయ్య పెన్నుకు మూత పెట్టాడు. సాయంత్రం దాకా రబ్బరుతో రుద్దుతూ కూర్చున్నాడు. ఎర్రగీత పోలేదు సరికదా, ఒకచోట నీలమే లేచొచ్చింది. శైలజ కాగితం లాక్కుంది. ఇంకో రెక్క వేద్దామంటే ఒక్క పూటలో అయ్యే పని కాదు.

శనివారం కాలేజీలో శైలజ బొమ్మను బల్ల మీద పెట్టింది. క్షమించమని అడగబోయేలోపే అక్కడి పెద్ద మేడం కళ్లజోడు సర్దుకుని వంగి చూసింది.

"ఫోటోలో ఈ గీతలు లేవే! అప్పుడిది అందమైన రెక్క, అంతే. అలాంటివి మాకు చాలా వస్తాయి. ఈ గళ్లతో ఇది నేతగాళ్ల ఇంటి రెక్క అయింది. ఎగరబోయేదాన్ని ఎవరో లెక్కపెట్టి పట్టుకున్నట్టుంది. ఎవరిదమ్మా ఈ ఆలోచన?"

మా నాయినది అంటే రెండే మాటలు. అంటే ఏం పోయేది?

"నాదే మేడం," అంది శైలజ.

సీటు వచ్చింది.

బస్టాండులో ఉండగానే ధర్మయ్య ఫోన్ చేశాడు. సీటు సంగతి చెప్పింది. ముక్కు చీదుకున్న చప్పుడు వినబడింది. తర్వాత భయంభయంగా అడిగాడు.

"గీతల్ని జూసి ఏమన్న అన్నరా బిడ్డా?"

ఇప్పుడైనా చెప్పొచ్చు. చెబితే, సీటు తెచ్చింది తన మూడు నెలల కష్టం కాదని తన నోటితోనే ఒప్పుకోవాలి.

"ఏమనలే నాయినా. పోనీలే అని ఊకున్నరు."

"బతికించిన్రు," అన్నాడు ధర్మయ్య. "నా చేతుల్తోనే నీ నోట్ల మన్ను గొట్టిన అనుకున్న. ఇగ నీ బొమ్మలు ముట్టుకోను బిడ్డా, ఒట్టు."

"సరే," అంది శైలజ.