దెసాంకా కుడిచెయ్యి

మంగళవారం వచ్చిందంటే జ్రెన్యానిన్ ఊళ్లో దెసాంకా చేసే పని ఒకటే. పొయ్యి మీద క్యాబేజీ కూర పెట్టి, మంట తగ్గించి, వసారాలో గూట్లోంచి ఒక తెల్ల ఎలుకను తీసేది. మెడ దగ్గర ఒక్క నొక్కు. ఒంట్లో వేడి పోకముందే పట్టకారుతో అన్న రాడివోయె పెంచుకునే రూజా అనే బోవా పాముకి అందించేది. బతికున్న ఎలుకను వేస్తే అది పామునే కొరుకుతుంది, అందుకని పాములు పెంచేవాళ్లు చంపే పెడతారు. గుండెజబ్బుతో రాడివోయె మంచం పట్టాక ఆ చంపే పని చెల్లెలి మెడకి చుట్టుకుంది.

అలా చంపిన ప్రతి ఎలుక గుండే ఆవిడ కుడి అరచేతిలో కొట్టుకుంటూ ఉండిపోయేది. వీధి వీధంతా ఎరిగిన సంగతే. పక్కింటి పసివాడు ఏడుపు ఆపకపోతే వాళ్లమ్మ తెచ్చి ఆ చేతి మీద పడుకోబెట్టేది. వాడు హాయిగా నిద్రపోయేవాడు. నిద్ర పట్టనిది దెసాంకాకే.

చలికాలం మొదట్లో ఒకరోజు గూడు మూసేసి వచ్చేసింది.

"ఇంక నా వల్ల కాదన్నయ్యా."

"ఓహో! మొన్న పందిని కోసినప్పుడు సాసేజీలకి పేగులు కడిగిందెవరో?"

"నేనే. తిన్నదీ నేనే. నాది న్యాయమని నేననడం లేదు. చెయ్యి రావడం లేదంటున్నా."

"మరి రూజా ఏం తినాలే? నీ క్యాబేజీ కూరా?"

ఎలుకదీ ప్రాణమే, పాముదీ ప్రాణమే. ఐసులో పెట్టి అమ్మే ఎలుకల్ని కొనుక్కొచ్చి, వేడినీళ్లలో వేసి పెడితే రూజా మొహం తిప్పుకుంది. భార్య పోయాక రాడివోయెకి తోడంటూ మిగిలింది ఆ పాము ఒక్కటే. అది చిక్కిపోతుంటే ఆయనకీ ముద్ద దిగడం మానేసింది.

"అది పోతే నేనూ పోతానే దెసా," అన్నాడు. బెదిరింపుగా ఏం కాదు, ఉన్నమాట చెప్పినట్టే చెప్పాడు.

ఫిబ్రవరికల్లా పాము వెన్నెముక పైకి తేలింది. ఒక మధ్యాహ్నం దెసాంకా మనసు రాయి చేసుకుని గూట్లో చెయ్యి పెట్టింది. చేతికందిన ఎలుక మీసాలు ఆడిస్తూ ఆవిడ బొటనవేలు వాసన చూసింది. అంతే, వదిలేసింది. ఏడుస్తూ వచ్చి, కనీసం నీళ్లన్నా మారుద్దామని, చెయ్యి కడుక్కోకుండానే పాము గాజుపెట్టెలో పెట్టింది. పాములు పెంచే ఇంట్లో ఎవరూ చెయ్యకూడని పొరపాటు! ఎలుక వాసన తగలగానే రూజా లటుక్కున కుడిచెయ్యి కరిచి పట్టి, మోచేతి దాకా చుట్టేసింది.

"కదలకే!" రాడివోయె గోడ పట్టుకుంటూ వచ్చాడు. "పట్టినదాని గుండె ఆగిందని తెలిస్తే అదే వదిలేస్తుంది."

"ఏ గుండె అన్నయ్యా?"

ఆయన ప్లమ్ పళ్ల సారా తెచ్చి పాము నోటి మీద పోస్తే పళ్లు వదిలింది గానీ చుట్లు వదల్లేదు. ఎలా వదులుతుంది? అది బిగించిన కొద్దీ లోపల వందల గుండెలు కొట్టుకుంటూనే ఉన్నాయి. తోక పట్టి విప్పబోయిన అన్నని దెసాంకా ఆపింది.

"ఉండనియ్. ఇన్నాళ్లకి తిండి దొరికిందనుకుంటోంది, పిచ్చిది."

ఉన్న కాస్త సత్తువా అలా బిగించడానికే ఖర్చుపెట్టింది రూజా. దీపాలు పెట్టే వేళకి దాని ప్రాణం పోయి చుట్లు వాటంతటవే జారిపోయాయి. నల్లగా కమిలిన అరచేతిలో, ఆ టకటకల మధ్య, కొత్తగా ఒక మందమైన చప్పుడు చేరింది. రాడివోయె చెల్లెలి చెయ్యి చెంపకి ఆనించుకుని, "మా రూజాయే," అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆ తర్వాత ఆయన మంచం దిగలేదు. దెసాంకా చెంచాతో సూపు పట్టబోతే పెదవులు బిగించేవాడు.

మార్చిలో అన్నని పాతిపెట్టి ఇంటికొచ్చి, కోటైనా విప్పకుండా కుర్చీలో కూలబడి, ఆవిడ అరచెయ్యి చెవికి పెట్టుకుంది. ఎలుకలన్నీ ఉన్నాయి. రూజా ఉంది. దాని పక్కన ఇంకొకటి, ఆగి ఆగి కొట్టుకుంటోంది.

"నిన్ను నేను చంపలేదు కదన్నయ్యా!" అంది.

అది కొట్టుకుంటూనే ఉంది.